మణికట్టు విరిగిన పెద్దవారికి సిమెంటు కట్టు చాలా? ఆపరేషన్ కావాలా?

తడి నేలమీద కాలు జారినప్పుడు ఎవరైనా చేసేది ఒకటే. పడుతున్న వైపు అరచెయ్యి చాపి నేలను ఆపబోతారు. ఒంటి బరువంతా ఆ ఒక్క అరచేతిమీద పడుతుంది. వయసులో ఉన్నవారికైతే బెణుకుతో పోవచ్చు. అరవై దాటినవారికి, ముఖ్యంగా ఆడవారికి, మణికట్టు దగ్గర ఎముక విరుగుతుంది. బాత్‌రూములో, వాకిట్లో కళ్ళాపి చల్లిన చోట, బస్సు దిగే మెట్టు దగ్గర ఇది చాలా మామూలుగా జరిగే ప్రమాదం.

మీ అమ్మగారికో అత్తగారికో ఇలా జరిగితే ఆసుపత్రికి తీసుకొస్తారు. ఎక్స్‌రే తీస్తారు. డాక్టరుగారు అది చూపించి, "ఎముక పక్కకు జరిగింది. సరిచేసి కట్టు వేయవచ్చు, లేదా ఆపరేషన్ చేసి ప్లేటు వేయవచ్చు. మీరేమంటారు?" అని అడుగుతారు. అక్కడినుంచి ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాదులో ఉన్న పెద్దబ్బాయి "డబ్బు సంగతి చూడకండి, ఆపరేషన్ చేయించేయండి" అంటాడు. ఊళ్ళో ఉన్న బాబాయిగారు "ఈ వయసులో కత్తి పెట్టించడమెందుకు" అంటారు. పక్క మంచం వాళ్ళు తమ బంధువులకు జరిగింది చెబుతారు. ఇన్ని మాటల మధ్య చెయ్యి విరిగిన మనిషి ఆ చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని బెంచీమీద కూర్చుని ఉంటుంది. ఆమెను ఎవరూ అడగరు.

ఆ గంటలో మీకు పనికొస్తుందని ఈ వ్యాసం. ముందే ఒక మాట చెప్పాలి. 65 ఏళ్ళు దాటినవారిలో ఎక్కువమందికి ఏడాది తిరిగేసరికి కట్టు అయినా, ఆపరేషన్ అయినా దాదాపు ఒకే చోటికి చేరుస్తాయి. కాబట్టి కట్టుతో సరిపెట్టిన బిడ్డలు తల్లికి తక్కువ చేసినట్లు కాదు. ఆపరేషన్ చేయించినవారు ఎక్కువ ప్రేమ చూపినట్లూ కాదు. అయితే ఆపరేషన్ తప్పనిసరి అయ్యేవారు కొందరుంటారు, ఆపరేషన్ వల్ల మొదటి మూడు నెలలు బాగా తేలికయ్యేవారు మరికొందరుంటారు. మీ ఇంటి మనిషి ఏ వరసలోకి వస్తారో తెలుసుకోవడమే అసలు పని.

విరిగేది ఏ ఎముక?

మోచేతి నుంచి మణికట్టు వరకు రెండు ఎముకలుంటాయి. బొటనవేలి వైపు ఉన్నదాని పేరు రేడియస్. అది మణికట్టు దగ్గరకు వచ్చేసరికి వెడల్పవుతుంది. కీలుకు సుమారు అంగుళం పైన ఉన్న ఆ వెడల్పు భాగమే విరుగుతుంది. విరిగిన ముక్క వెనక్కు, అంటే చేతి వెనకవైపుకు జరుగుతుంది. పక్కనుంచి చూస్తే చెయ్యి వంపు తిరిగి కనిపిస్తుంది.

దీనిని 1814లో డబ్లిన్ నగరపు సర్జన్ అబ్రహాం కోలీస్ వర్ణించాడు. అందుకే డాక్టర్లు ఇప్పటికీ కోలీస్ ఫ్రాక్చర్ అంటారు. అప్పటికి ఎక్స్‌రే లేదు. అది 1895లో గానీ రాలేదు. చేత్తో తడిమి, కంటితో చూసి ఆయన చెప్పిన సంగతి మన విషయానికి బాగా దగ్గరగా ఉంది. వంకర జీవితాంతం అలాగే ఉన్నా, కొంతకాలానికి నొప్పి పోయి చెయ్యి మళ్ళీ బాగా ఆడుతుందని రాశాడు. అందరి విషయంలోనూ అంత చక్కగా జరగదని తరువాతి డాక్టర్లు గమనించారు. అయినా పెద్ద వయసువారి వరకు ఆ పాత మాటలో చాలా నిజముందని ఇటీవలి పరిశోధనల్లోనూ తేలింది.

వయసులో ఉన్నవారికి ఎముక ఎంత నిటారుగా అతికితే అంత మంచిది. ఇంకా ముప్ఫై నలభై ఏళ్ళు బరువులెత్తాలి, కీలు అరగకూడదు. అందుకని వారికి ఆపరేషన్ చెప్పడం ఎక్కువ. డెబ్బై ఏళ్ళ మనిషికి అదే కొలత పెట్టనక్కరలేదు. ఎక్స్‌రేలో కొంచెం వంకర కనబడుతూనే హాయిగా వంట చేసుకునే పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు. బాగుపడవలసింది చెయ్యి. ఎక్స్‌రే బాగుండటం దాని తరువాతి మాట.

కట్టు వేయడమంటే

ఎముక కదలకుండా చీలికగా మాత్రమే విరిగితే నేరుగా కట్టు వేస్తారు. దాని గురించి వాదన లేదు. ముక్క జరిగి ఉంటే విరిగిన చోట తిమ్మిరి సూది ఇచ్చి, చెయ్యి లాగి, ముక్కను చోటికి తెచ్చి అప్పుడు కట్టు వేస్తారు. వాపు ఉంటుంది కాబట్టి మొదటి రోజుల్లో చుట్టూ బిగించకుండా ఒక వైపు పలకలా వేసి బ్యాండేజీ చుడతారు. వాపు తగ్గాక పూర్తి కట్టు వేస్తారు. అయిదారు వారాలు ఉంచుతారు. కట్టు మోచేతి కిందనుంచి అరచేతి గీతల దాకా ఉండాలి. వేళ్ళు మొదలంటా మడవగలగాలి. వేళ్ళు సగం కట్టులోకి వెళ్ళిపోతే డాక్టరును అడగండి, అది సరిచేయదగినదే.

కట్టుతో వచ్చే చిక్కు ఒకటుంది. పెద్దవారి ఎముక లోపల గుల్లబారి ఉంటుంది. విరిగినప్పుడు వెనకవైపు నలిగిపోయి ఖాళీ ఏర్పడుతుంది. ఇంటి గోడ ఒక పక్క కూలితే పైకప్పు ఎలా ఆ పక్కకు ఒరుగుతుందో అలా, చోటికి తెచ్చిన ముక్క రెండు వారాల్లో మళ్ళీ కొంత ఒరగవచ్చు. అందుకే వారానికి, రెండు వారాలకు ఎక్స్‌రేకు రమ్మంటారు. "కట్టు వేశారుగా, మళ్ళీ ఎందుకు" అని మానకండి. ఒరిగిందో లేదో తెలిసేది, కావాలంటే ఇంకా ఆపరేషన్ చేయగలిగేది ఆ రోజుల్లోనే. మూడు వారాలు దాటితే ఎముక వంకరగానే అతుక్కోవడం మొదలవుతుంది. అప్పుడు చేయాలంటే పని పెద్దదవుతుంది.

ఆపరేషన్ అంటే

మన ఊళ్ళలో ఏది వేసినా "రాడ్డు వేశారు" అంటారు. మణికట్టుకు సాధారణంగా రాడ్డు వేయరు. రెండు పద్ధతులు ఎక్కువ. ఒకటి, సన్నని ఉక్కు వైర్లు రెండు మూడు చర్మం మీదనుంచి గుచ్చి ముక్కను నిలబెట్టి, పైన కట్టు వేయడం. కొన్ని వారాల తరువాత ఆ వైర్లు లాగేస్తారు. రెండోది, మణికట్టు లోపలివైపు, అంటే నాడి చూసే వైపు, కోసి చిన్న ప్లేటు పెట్టి స్క్రూలతో బిగించడం. 2000 తరువాత బాగా వాడుకలోకి వచ్చిన ప్లేట్లలో స్క్రూ తల ప్లేటుకే మర పట్టి బిగుసుకుంటుంది. గుల్ల ఎముకలో మామూలు స్క్రూ వదులవుతుంది గానీ ఇది నిలుస్తుంది. అందువల్లనే పెద్దవారికీ ప్లేటు వేయడం ఎక్కువైంది.

ప్లేటు వేస్తే ఎముక తొందరగా అతుకుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎముక అతికేది దాని కాలానికే. ప్లేటు దానిని అంతవరకు కదలకుండా పట్టుకుంటుంది. లాభం ఎక్కడంటే, కట్టు తీసి రెండు వారాలకే మణికట్టు కదిలించడం మొదలుపెట్టవచ్చు. స్నానం, తిండి, బట్టలు వేసుకోవడం వంటివి కొన్ని వారాలు ముందే సొంతంగా చేసుకుంటారు.

నష్టాలూ ఉన్నాయి. మత్తు ఇవ్వాలి. చాలావరకు చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా ఇవ్వవచ్చు గనుక గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి అదొక ఊరట. షుగరు అదుపులో లేనివారికి గాయం చీము పట్టే భయం ఎక్కువ. రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. పెట్టిన ప్లేటు అంచు రాసుకుని వేలి టెండన్ అరిగిపోవడం, స్క్రూ కీలులోకి పొడుచుకోవడం కొందరిలో జరుగుతాయి. అలాంటి ఇబ్బంది లేకపోతే ప్లేటు జీవితాంతం లోపలే ఉండిపోవచ్చు. తీయించాలన్న నియమమేమీ లేదు.

పరిశోధనలు ఏమి చెప్పాయి?

2011లో ఆస్ట్రియా డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. 65 దాటిన 73 మందిని, ఎముక జరిగినవారినే తీసుకుని, చీటీ వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ప్లేటు, ఇంకో జట్టుకు కట్టు. మొదటి వారాల్లో ప్లేటు వేసినవారి చెయ్యి మెరుగ్గా ఉంది. ఏడాది అయ్యేసరికి చెయ్యి తిరగడంలో, నొప్పిలో, రోజువారీ పనుల్లో తేడా లేదు. పిడికిలి బలం మాత్రం ప్లేటు వేసినవారికి ఎక్కువగా ఉంది. వారి ఎక్స్‌రేలు కూడా చక్కగా ఉన్నాయి. ఇబ్బందులు వచ్చినవి లెక్కవేస్తే ప్లేటు జట్టులో 13, కట్టు జట్టులో 5.

2021లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రులు కలిసి 60 దాటినవారిమీద చేసిన పరిశోధన ఫలితం కూడా ఇలాగే వచ్చింది. ఏడాదికి చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంగ్లండులో 2022లో వచ్చినది వైర్లకూ కట్టుకూ మధ్య పోటీ. అందులో అన్ని వయసులవారూ 500 మంది. ఏడాదికి ఇద్దరి చేతులూ ఒకటే. కానీ కట్టు వేసినవారిలో నూటికి 13 మందికి ముక్క జారిపోయి, ఆరు వారాల లోపలే ఆపరేషన్ అవసరమైంది. ఇది రెండు వైపులా చదవవలసిన లెక్క. నూటికి 87 మంది ఆపరేషన్ లేకుండా గట్టెక్కారు. ఆ 13 మంది దొరికింది వెంటవెంట చూపించుకోబట్టే. అమెరికాలోని ఎముకల డాక్టర్ల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, 65 దాటినవారికి ఆపరేషన్ వల్ల దీర్ఘకాలంలో అదనపు మేలు కనబడలేదని గట్టిగానే రాశారు.

ఈ లెక్కలను మన ఇళ్ళకు అన్వయించేటప్పుడు కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ దేశాల పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చుని లేస్తారు, చెంచాతో తింటారు. మనవాళ్ళు కిందకూర్చుని అరచెయ్యి నేలకు ఊని లేస్తారు. రుబ్బురోలు, బట్టలు పిండడం, బిందె చంకనెత్తడం ఇంకా మానని ఇళ్ళున్నాయి. అరచెయ్యి వెనక్కు వంచి బరువు మోపడం మణికట్టుకు చాలా కష్టమైన పని. కట్టు తీశాక ఆఖరున తిరిగొచ్చేదీ అదే. అందుకని మీ ఇంటి మనిషి చేతులతో ఏమేమి చేస్తారో డాక్టరుకు వివరంగా చెప్పండి. "ఇంట్లోనే ఉంటుందండీ, ఏ పనీ లేదు" అని కొడుకులు చెప్పే మాట చాలాసార్లు నిజం కాదు. ఇంట్లో ఉన్నామె పొద్దుటినుంచి రాత్రివరకు చేసేది ఆ చేతులతోనే.

తప్పనిసరిగా ఆపరేషన్ కావలసినవారు

ఎముక చర్మం చీల్చుకుని బయటకు వచ్చినా, విరిగిన చోట గాయం లోతుగా ఉన్నా అప్పటికప్పుడు ఆపరేషన్ చేయాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, ముక్క సరిచేసినా తిమ్మిరి పెరుగుతూ ఉంటే నరం నలుగుతోందని అర్థం. అది ఆగే పని కాదు. ఎముక ముక్కతోపాటు చెయ్యి కీలు తప్పి అరచేతివైపు జారిపోయే రకం విరుగుడు ఒకటుంది, అది కట్టులో నిలవదు. కీలు లోపలి గచ్చు ముక్కలై పెద్ద మెట్టు పడినప్పుడు కూడా చాలామంది డాక్టర్లు ఆపరేషనే చెబుతారు.

మరికొందరికి ఎక్స్‌రే కంటే ఇంటి పరిస్థితి ఎక్కువ చెబుతుంది. రెండు చేతులూ విరిగినవారు ఆరు వారాలు రెండు కట్లతో ఉండలేరు. చేతికర్ర, వాకరు లేకుండా నడవలేనివారికి మణికట్టు కూడా ఒక కాలే. ఒంటరిగా ఉంటూ ఎవరి సాయమూ లేనివారు, కుట్టుమిషను మీద బతికేవారు, పడకలో ఉన్న భర్తకు తానే సేవ చేసే ఆమె, వీళ్ళకు మొదటి రెండు మూడు నెలల తేడా చాలా పెద్దది. వయసు డెబ్బై అయినా వారికి ఆపరేషన్ మంచిదే కావచ్చు.

దీనికి ఎదురుగా, మంచంమీదినుంచి లేవనివారికి, మతిమరుపు బాగా ముదిరినవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి, ఇదివరకే ఆ చెయ్యి పక్షవాతంతో పడిపోయినవారికి కట్టే మేలు. వంకర కొంత మిగిలినా వారి రోజు గడవడంలో తేడా రాదు.

ఆమెను ఏమని అడగాలి?

"ఆపరేషన్ చేయించుకుంటావా అమ్మా?" అని అడిగితే "మీ ఇష్టం నాయనా" అంటుంది. మన పెద్దవాళ్ళు ఖర్చు చూసి భయపడతారు, బిడ్డలకు బరువవుతామని భయపడతారు. అది జవాబు కాదు. చిన్న చిన్న సంగతులు అడగండి. ఏ చేత్తో ఎక్కువ పని? ఉదయం లేచి ఏమేమి చేసుకుంటావు? ఎవరూ లేనప్పుడు గ్యాసు పొయ్యి వెలిగించడం, గడియ తీయడం ఎలా? చెయ్యి వంకరగా కనబడితే నీకు బాధగా ఉంటుందా? కొందరికి ఉంటుంది, అది చిన్న విషయమని తీసిపారేయకూడదు. కట్టుతో అతికినవారిలో చాలామందికి చిటికెనవేలి వైపు ఒక బొడిపె మిగులుతుంది. పాత గాజులు ఎక్కకపోవచ్చు.

ఇంకొక సంగతి ఎవరూ పైకి అడగరు, ఆమె పైకి చెప్పదు. కుడిచెయ్యి విరిగితే అన్నం కలుపుకుని తినలేరు. చెంచా ఇస్తే సరిపోతుంది, ఒకరు తినిపించినా ఫరవాలేదు. ఎడమచెయ్యి విరిగితే దొడ్డికి వెళ్ళినప్పుడు కడుక్కోవడం కష్టం. కట్టు తడవకూడదు, కుడిచేత్తో చేయడానికి మనసొప్పదు. ఈ సిగ్గుతో తిండి తగ్గించేసి, నీళ్ళు తాగడం మానేసి నీరసపడే పెద్దవాళ్ళున్నారు. కూతురో కోడలో మొదటి రోజే తలుపు వేసి ఈ మాట మాట్లాడాలి. ఆరు వారాలపాటు కుర్చీలాంటి కమోడు, పక్కన చేత్తో పట్టుకునే నీళ్ళ గొట్టం, కట్టుమీద బిగించిన ప్లాస్టిక్ సంచి ఉంటే చాలావరకు గడుస్తుంది. నాన్నగారైతే కొడుకు మాట్లాడాలి. ఇది ఎలా గడుస్తుందో ఇంట్లో తేలితే, కట్టా ఆపరేషనా అన్న ప్రశ్న కూడా సగం తేలినట్లే.

విరిగిన అరగంటలోనే ఒప్పుకోవలసిన అవసరం సాధారణంగా ఉండదు. పైన చెప్పిన అత్యవసర లక్షణాలు లేకపోతే, ముక్క సరిచేసి తాత్కాలికంగా కట్టు వేయించుకుని ఒకటి రెండు రోజులు ఆలోచించుకోవచ్చు. "కట్టు వేస్తే ఏమి మిగులుతుంది, ఆపరేషన్ చేస్తే ఏమి కలుస్తుంది, మీ అమ్మగారికే అయితే ఏం చేస్తారు" అని డాక్టరును అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోపగించుకోరు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందేమో కౌంటరులో అప్పుడే కనుక్కోండి. ఉచితంగా వస్తుంది గదా అని అక్కరలేని ఆపరేషన్‌కు, రాదు గదా అని అవసరమైన ఆపరేషన్ మానడానికి ఆ జవాబును వాడుకోకండి. వార్డులో ప్రార్థన కోరుకునేవారు చాప్లిన్‌గారిని పిలిపించుకోవచ్చు. ఏ మతంవారైనా మొహమాటపడనక్కరలేదు.

నాటు కట్టు సంగతి

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారుండరు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టే ఆ పద్ధతిలో తరతరాల అనుభవం ఉందని మనకు తెలుసు. జరగని మామూలు విరుగుడు దానితోనూ అతుకుతుంది, ఎందుకంటే ఎముక అతికేది దానంతట అదే. మేము భయపడేది దాని పేరు చెప్పుకుని ఊరూరా కట్టేవారి గురించి. ఎక్స్‌రే లేకుండా, వాపు మీద బద్దలు బిగించి కడితే రక్తం అందక వేళ్ళు నల్లబడతాయి. అలా నల్లబడినవి తిరిగి రావు. ఎక్కడ కట్టించినా సరే, ముందు ఎక్స్‌రే తీయించండి. కట్టాక వేళ్ళు చల్లబడినా, నొప్పి పెరిగినా రాత్రి పగలు చూడకుండా విప్పించండి. విరిగిన చేతికి నూనె రాసి పామడం మాత్రం ఎవరి చేతా చేయించవద్దు.

కట్టుతో ఇంటికి వెళ్ళాక

పడిన వెంటనే, ఆసుపత్రికి బయలుదేరక ముందే, ఆ చేతి గాజులు, ఉంగరాలు తీసేయండి. వాపు వచ్చాక రావు. పెళ్ళి ఉంగరమైనా, ఎన్నడూ తీయని గాజులైనా అంతే. పెద్దావిడ ఒప్పుకోకపోతే ఉంగరం మెడలోని గొలుసుకు తగిలించుకోమనండి, గాజులు రెండో చేతికి వేయండి. బిగుసుకుపోయిన ఉంగరాన్ని కోసి తీయవలసి వస్తే వేలు ముఖ్యం.

మొదటి మూడు నాలుగు రోజులు చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండాలి. పడుకున్నప్పుడు రెండు దిండ్లమీద పెట్టండి. మెడకు వేసిన గుడ్డపట్టీలో పొద్దస్తమానం వేలాడదీస్తే వేళ్ళు ఉబ్బుతాయి, భుజం పట్టేస్తుంది. గంటకొకసారి పిడికిలి మూసి తెరవాలి, రోజుకు అయిదారుసార్లు చెయ్యి తలమీదికి ఎత్తాలి. కట్టు వేసిన రోజునుంచే ఇది మొదలుకావాలి. ఆరు వారాలు కదల్చకుండా కాపాడుకున్న చెయ్యి ఎముక అతికి కూడా పనికిరాకుండా బిగిసిపోవడం మేము తరచూ చూస్తాం. కట్టా ఆపరేషనా అన్న వాదనకంటే ఈ వేళ్ళ కదలికే ఎక్కువ తేడా తెస్తుందని మా ఫిజియోథెరపీ వారు అంటుంటారు. అందులో అతిశయోక్తి లేదు.

మాత్రలు వేసినా తగ్గని నొప్పి, వేళ్ళు పాలిపోవడం లేదా నీలమవడం, తిమ్మిరి పెరగడం, వేళ్ళు ఎవరైనా చాపితే ప్రాణం పోయేంత నొప్పి, కట్టు లోపలనుంచి దుర్వాసన, ఆపరేషన్ గాయంనుంచి చీము, జ్వరం, ఇవి కనబడితే అదే పూట రండి. లోపల దురద పెడుతోందని అల్లిక సూదో, పుల్లో దూర్చకండి. పుండు పడితే కట్టు తీసేదాకా కనబడదు.

కట్టు తీసిన రోజు చాలామంది నిరుత్సాహపడతారు. చెయ్యి సన్నబడి, పొట్టు రాలుతూ, బిగుసుకుని ఉంటుంది. అది మామూలే. గోరువెచ్చని నీళ్ళలో ముంచి మెల్లగా పైకి, కిందకి, అరచెయ్యి తిప్పి వ్యాయామం చేయాలి. చపాతీ పిండి కలపడం మంచి వ్యాయామం. పిడికిలి బలం రావడానికి ఆరు నెలలు, ఏడాది కూడా పడుతుంది. కొందరిలో నొప్పి తగ్గకుండా చెయ్యి ఎర్రబడి, మెరుస్తూ, చెమట పట్టి, ముట్టుకుంటే మండుతుంది. అది బెంగవల్ల వచ్చింది కాదు, దానికి వేరే చికిత్స ఉంది, త్వరగా చూపించాలి. ఇంకొక వింత కూడా ఉంది. ఎముక అసలు జరగకుండా తేలికగా విరిగినవారిలోనే, కొన్ని వారాల తరువాత ఒక రోజు హఠాత్తుగా బొటనవేలు పైకి లేవడం మానేస్తుంది. నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల టెండన్ అరిగి తెగిందన్న మాట. పక్కవేలి టెండన్ మళ్ళించి దాన్ని సరిచేయవచ్చు.

ఇంకో ఎముక విరగక ముందు

నిలబడిన ఎత్తునుంచి పడినంత మాత్రాన ఎముక విరిగిందంటే అది గుల్లబారిందని అనుమానించాలి. మణికట్టు విరిగిన ఆడవారికి తరువాత తుంటి ఎముకో, వెన్నుపూసో విరిగే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. తుంటి విరిగితే అది మణికట్టులా కట్టుతో పోయేది కాదు. ఎముక సాంద్రత చూసే డెక్సా అనే పరీక్ష ఉంది. అది చేయించాలా అని కట్టు తీసే రోజున మీరే అడగండి. చెయ్యి బాగైంది గదా అని అందరూ మరిచిపోయే పని ఇదే.

రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉండటం మన ఎండల దేశంలో కూడా మామూలే. ఇంట్లోనే ఉండే పెద్దవాళ్ళకు ఇంకా ఎక్కువ. పాలు, పెరుగు, ముళ్ళతో తినే చిన్న చేపలు మంచివి. రాగుల్లో, 100 గ్రాములకు, 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. రాత్రి బాత్‌రూముకు వెళ్ళే దారిలో ఒక లైటు, గోడకు పట్టుకునే కడ్డీ, జారని చెప్పులు పెట్టండి. నిద్రమాత్రలు, బి.పి. మాత్రల వల్ల తల తిరుగుతోందేమో, కంట్లో శుక్లాలు ఉన్నాయేమో చూపించండి.

ఎముక బలానికి డాక్టరు రాసే మాత్రల్లో వారానికి ఒకటే వేసుకునేది ఒకటుంది, అలెండ్రోనేట్ అని. దాన్ని పరగడుపున, కాఫీతో కాకుండా, గ్లాసుడు మంచినీళ్ళతో మింగాలి. తరువాత అరగంటసేపు ఏమీ తినకూడదు, పడుకోకూడదు. కూర్చోవాలి, లేదా అటూ ఇటూ నడవాలి. పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. వారానికి ఒక్కరోజే కాబట్టి మరిచిపోతుంటారు. ఆదివారం ఆరాధనకు వెళ్ళేవారు ఆ ఉదయం లేవగానే వేసుకుంటే గుర్తుంటుంది. తలస్నానం ముగిసేసరికి అరగంట గడిచిపోతుంది, కాఫీ తాగి బయలుదేరవచ్చు.